గీతలు చెరిపిన గాలి

నా ఉద్యోగం ఏమిటని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే "గాలి తోడతా" అని చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు. నీళ్ళు తోడేవాళ్ళని చూసినాం, ఇసుక తోడేవాళ్ళని చూసినాం, గాలి తోడేదేంది మే అనేవాళ్ళు. మాది పులికాట్ సరస్సు అంచున చేపలు పట్టుకుని బతికే ఊరు. డిప్లొమా చదివి నెల్లూరు తీరంలోనే ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. స్టీలు గొట్టాల్లోంచి పంపులతో గాలి లాగేసి లోపల శూన్యం చేయడం, చేసిన శూన్యాన్ని కాపాడటం నా పని.

ఈమధ్య ఇలాంటి పనుల్లో చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో గొప్ప రోజు ఏది?" అని అడుగుతుంటారు. చెప్తాను. కాని ఆ రోజు గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన వెధవ పని చెప్పాలి. అది దాచి ఇది చెప్తే మీకు ఒరిగేది ఏమీ లేదు.

మా సారు చేసే ప్రయోగం నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక పొడిని చిన్న పొయ్యిలో వేడి చేస్తే దాని అణువులు ఆవిరై ఒక పొడవాటి గొట్టంలో ఎగురుతూ పోతాయి. దారిలో మూడు పలకలు. ఒక్కో పలకకీ వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని చీలికలు. అణువు గోళీ లాంటిదైతే ఏదో ఒక చీలికలోంచి పోవాలి. కాని లోపల ఎవరూ కదిలించకుండా ఉంటే అది అల లాగా పోతుంది, పక్కపక్క చీలికల్లోంచి ఒకేసారి. అలా పోయిన అల మళ్ళీ తనలో తనే కలిసి, అవతల గీతలు గీతలుగా పడుతుంది. ఒక గీత దగ్గర అణువులు ఎక్కువ, పక్కన తక్కువ, మళ్ళీ ఎక్కువ. మూడో పలకని అంగుళంలో ఎన్నో వంతో ఊహకందనంత కొంచెంగా పక్కకి జరుపుతూ అణువుల్ని లెక్కపెడితే ఆ ఎక్కువ తక్కువలు కనబడాలి.

దారిలో ఒక్క గాలి అణువు వచ్చి తగిలిందా, అంతే. మా అణువు ఏ దారిన పోతోందో ఆ గాలి అణువుకి జాడ తెలిసిపోతుంది. జాడ ఎవరికి తెలిసినా గీతలు చెరిగిపోతాయి. అందుకే నేను. సారు మొదటిరోజే నాతో అన్నారు: "అణువుని నేను చూసుకుంటా. దాన్ని ఎవరూ పలకరించకుండా చూసే బాధ్యత మీది."

చిన్న అణువులతో గీతలు చాలాసార్లు వచ్చాయి. ఆ తర్వాత సారుకి వందల పరమాణువులు కలిసిన పెద్ద అణువుల మీద మనసు పడింది. అవి బరువు, నిదానంగా పోతాయి. వాటికి ఇంకా పొడుగు గొట్టం కావాలి, ఇంకా మంచి శూన్యం కావాలి. కొత్త గొట్టానికి అతుకులు వేసింది మా వర్క్‌షాపు మేస్త్రి. మనుబోలు దగ్గర రైతు కుటుంబం ఆయనది. సెలవు దొరికితే మడిలో ఉండేవాడు, లేకపోతే వెల్డింగ్ ముసుగులో. ఆయన వేసిన అతుకు చేప పొలుసుల్లాగా వరసగా, ఒకదాని మీద ఒకటి పడి ఉండేది. మా ఊరిదాన్ని కాబట్టి నాకది చూస్తే ముచ్చటేసేది. అందరం మేస్త్రన్న అనేవాళ్ళం.

నాలుగో మనిషి పరిశోధన చేసే అమ్మాయి. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. నడవడం తెలీదు, పరిగెత్తడమే. ఆమె పీహెచ్‌డీ అంతా ఈ పెద్ద అణువు మీదే ఉంది.

కొత్త గొట్టంలో పలకలు బిగించిన రోజు ఆ అమ్మాయి, "అక్కా, ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది. "రోజులేంది, సాయంత్రానికల్లా అయిపోద్ది" అన్నాను. గొప్పకి అన్న మాట. అన్నందుకు సాయంత్రానికల్లా చేశాను కూడా.

గొట్టం మూసి, పంపులు పెట్టి, పొయ్యి వెలిగించి లెక్కపెడితే గీతలు లేవు. పలకని ఎంత జరిపినా అదే అంకె. స్క్రీన్ మీద గ్రాఫు, గాలి లేని రోజు సరస్సులాగా, చదునుగా పడుకుంది. వారం చూశాం, నెల చూశాం. అప్పుడే పైనుంచి కబురొచ్చింది. ఒక కమిటీ వచ్చి చూస్తుంది, ఫలితం లేకపోతే ఈ యంత్రాన్ని విప్పి వేరే ఊరి పరిశోధనశాలకి పంపేస్తారు.

మొదట అదురు మీద అనుమానపడ్డాం. నేల కొంచెం వణికినా పలకలు కదులుతాయి. మా ప్రహరీ అవతల రొయ్యల గుంటలు. నీళ్ళలో గాలి కలపడానికి అక్కడ ఏరియేటర్లు పగలూ రాత్రీ నీళ్ళు కొడుతుంటాయి. నేనూ కావలి అమ్మాయీ ఆ రైతు దగ్గరికి పోయాం.

"నా మిషన్లు ఆపమంటారా? రొయ్యలు ఊపిరాడక చస్తే మీ అణువులొచ్చి బతికిస్తాయా మేడమ్?" అన్నాడాయన.

"ఒక్క గంటన్నా" అని బతిమాలింది అమ్మాయి.

ఆయన ఎండవైపు చూశాడు. "తెల్లారుజామున అడిగుంటే తరిమేసుండేవాణ్ణి. మధ్యాహ్నమైతే ఎండకి నీళ్ళలో ప్రాణవాయువు బాగుంటది. రెండింటి నుంచి మూడింటి దాకా ఆపతా. ఆ తర్వాత నువ్వు కాళ్ళు పట్టుకున్నా ఆపను."

మాట ప్రకారం ఆపాడు. స్విచ్ దగ్గర తనే నిలబడ్డాడు. ఆ గంటలో మేం ఆత్రంగా లెక్కపెట్టాం. చదునే. మూడింటికి ఆయనే ఫోన్ చేశాడు.

"వచ్చినాయా గీతలు?"

"రాలేదన్నా."

"అయితే తప్పు నా రొయ్యలది కాదు గదా" అని సంతోషంగా పెట్టేశాడు.

అదురు కాదంటే ఇక మిగిలింది గాలి. అంటే నేను. గొట్టంలో ఏ వాయువులు మిగిలాయో చెప్పే పరికరం పెట్టి చూస్తే నైట్రోజన్, ఆక్సిజన్. మనం పీల్చే మామూలు గాలే. ఎక్కడో కారుతోంది. కన్నం వెతకడానికి హీలియం వాడతాం. అది చాలా చిన్నది, ఏ సందులోనైనా దూరుతుంది. బయట సన్న గొట్టంతో హీలియం ఊదుకుంటూ పోతే, కన్నం దగ్గరికి రాగానే లోపలికి దూరి, పంపు దగ్గర పెట్టిన యంత్రం కూత పెడుతుంది.

రెండు రోజులు ఊదాను. ఎక్కడా కూయలేదు. మూడో రోజు మేస్త్రన్న అతుకు దగ్గర ఊదినప్పుడు కూత రాలేదు కాని, కాసేపయ్యాక అంకె మెల్లగా పైకి జరిగింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. నిజమైన కన్నమైతే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. మెల్లగా జరిగిందంటే హీలియం ఏదో రబ్బరు గుండా నానుకుంటూ పోతోందని అర్థం. ఆ అతుక్కి జానెడు దూరంలో ఒక గాజు కిటికీ ఉంది, దానికి రబ్బరు రింగు ఉంది. ఈ తేడా నాకు తెలియనిది కాదు. ట్రైనింగుకి వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ నేనే బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. కాని ఆ రోజు నాకు కారణం కావాలి. ఎదురుగా అతుకు ఉంది. రిపోర్టు రాశాను: "కొత్త గొట్టం వెల్డింగ్ అతుకు వద్ద లీకు ఉన్నట్టు తేలింది." కింద సంతకం పెట్టాను.

మేస్త్రన్న వచ్చాడు. "యాడ మే? వేలు పెట్టి చూపించు."

చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి, గోటితో అతుకంతా తడిమాడు. "ఇది కారదు" అన్నాడు.

"యంత్రం చెప్తోందన్నా."

"యంత్రం చెప్పిందా, నువ్వు చెప్పినావా?"

గొట్టంలో గాలి ఎంత మిగిలిందో నేను రోజూ రాసే లాగ్‌బుక్ తెరిచి చూశాడు. ఆయన మళ్ళీ అన్నాడు, "కారే కుండ ఎప్పుడైనా అంతే కారద్ది. నీ పుస్తకంలో అంకె రోజుకింత తగ్గతా ఉండాది. కన్నం దానంతటది పూడతా ఉండాదా?"

అది కోపంలో అన్న మాట అనుకున్నాను. గొట్టాన్ని బయట కంపెనీకి పంపి మళ్ళీ అతికించాలని నిర్ణయం జరిగింది. ఇకమీద శూన్యం పనుల వెల్డింగ్ మేస్త్రన్నకి ఇవ్వొద్దని ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. ఆయన టీ గ్లాసు కడిగి బోర్లించి, నాట్లకని సెలవు పెట్టి వెళ్ళిపోయాడు.

గొట్టం విప్పడానికి ముందు రోజు నేను లాగ్‌బుక్ తెరిచాను, ఆఖరి అంకె రాద్దామని. పేజీలు వెనక్కి తిప్పితే అంకె నిజంగానే రోజుకి కొంచెం తగ్గుతోంది. ఏదో పనికి గొట్టం ఒకసారి తెరిచి మూశాం, ఆ రోజు మళ్ళీ పైకెక్కింది. మళ్ళీ అదే తగ్గుదల. ఆ పుస్తకం రాసింది నేనే, చదివింది మేస్త్రన్న.

వర్క్‌షాపులో ఆయన వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ సిలిండర్ ఉంది. దాన్ని దొర్లించుకుంటూ తెచ్చాను. అతుకునీ, గొట్టం అంచునీ, కిటికీనీ కలిపి ప్లాస్టిక్ కవరు చుట్టి, లోపలికి ఆర్గాన్ వదిలాను. నిజంగా అక్కడ కన్నముంటే ఇప్పుడు లోపలికి పోయేది గాలి కాదు, ఆర్గాన్. పరికరంలో ఆర్గాన్ పెరగాలి. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. పెరగలేదు. లోపల ఉన్న గాలి బయట నుంచి రావడం లేదు. మొదట్నుంచీ లోపలే ఉంది.

అప్పుడు తట్టింది. పలకలు బిగించిన స్క్రూలు.

అడుగు మూసుకున్న గుంతలో స్క్రూ బిగిస్తే దాని కింద చిటికెడు గాలి చిక్కుకుంటుంది. స్క్రూ చుట్ల సందుల్లోంచి ఆ గాలి వారాల తరబడి, నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. అందుకే మేం వాడే స్క్రూలకి నడిమధ్య పైనుంచి కిందిదాకా సన్న రంధ్రం ఉంటుంది. పలకలు బిగించిన రోజు రంధ్రాల స్క్రూల డబ్బాలో పన్నెండు తక్కువయ్యాయి. స్టోర్సు నుంచి తెప్పించాలంటే మర్నాడవుతుంది. సాయంత్రానికల్లా అయిపోద్దన్నాను కదా. పక్క డబ్బాలోంచి మామూలు స్క్రూలు పన్నెండు తీసి బిగించాను. పన్నెండే కదా అనుకున్నాను. ఆ తర్వాత మరిచేపోయాను.

సారు గదిలోకి పోయేసరికి అమ్మాయి కూడా అక్కడే ఉంది. నిలబడే చెప్పాను, స్క్రూల సంగతి, రబ్బరు రింగు సంగతి, అన్నీ. "సార్, వెల్డింగ్ కాదు. నేను."

అమ్మాయి నా వైపు చూసి, "అక్కా, పీహెచ్‌డీ మానేస్తానని నిన్ననే మా అమ్మకి ఫోన్ చేసినా" అంది. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

సారు తక్కువ మాటల మనిషి. టీ గ్లాసు పక్కకి జరిపారు. "మేస్త్రికి చెప్పారా?" అన్నారు.

"ఇంకా లేదు సార్."

"ముందు అక్కడికి పోండి."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మనుబోల్లో దిగి, దారి అడుగుతూ ఆయన మడి దగ్గరికి పోయాను. మోకాళ్ళ లోతు బురదలో నారు కట్టలు విసురుతున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు. గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. నాట్లు వేసే ఆడవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే చెవులు ఇటు పెట్టారు.

ఆయన చేతిలో కట్ట కింద పెట్టాడు. "ఆ రిపోర్టు కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు నా మొహం గుర్తు రాలేదా మే?"

"వచ్చిందన్నా. అయినా పెట్టినా."

నేను అబద్ధం చెప్తానని అనుకున్నాడేమో, ఆ జవాబుకి గట్టు దగ్గరికి నడిచొచ్చాడు. తర్వాత అన్నాడు, "కాయితం అందరి ముందర పెట్టినావు. ఇప్పుడొచ్చి నా మడి కాడ చెప్తే యాడ సరిపోద్ది?"

"అందరి ముందే చదువుతా."

"ఊ." కాలవలో కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఆయన భార్య, "యాడికి? సగం మడి అట్నే ఉండాది" అని కేకేసింది. "పన్నెండు స్క్రూలే, పొద్దుగూకేలోపల వస్తా" అని, నా వైపు తిరిగి, "సైజెంత?" అన్నాడు.

పొద్దుగూకేలోపల కాదు కదా, మూడు రోజులు ఆయన మడి మొహం చూడలేదు.

వర్క్‌షాపులో టీ వేళకి అందరూ చేరాక కొత్త రిపోర్టు పైకి చదివాను. "అతుకులో దోషం లేదు. దోషం నా బిగింపులో ఉంది" అన్న వాక్యం వెనకున్నవాళ్ళకి కూడా వినబడేలా చదివాను. మేస్త్రన్న తల వంచుకుని స్క్రూలు ఏరుకుంటున్నాడు. నేను ముగించాక, "సంతకం పెట్టినావా?" అన్నాడు. పెట్టాను. "అయితే ఇట్రా, ఈ చెక్క పట్టుకో" అన్నాడు.

స్టోర్సులో కూడా రంధ్రాల స్క్రూలు అయిపోయాయి, బయట నుంచి వచ్చేసరికి కమిటీ వచ్చి పోతుంది. అందుకని ఆయనే లేత్ మీద ఒక్కో స్క్రూకి నడిమధ్య రంధ్రం తొలిచాడు. స్టీలు మొండిది, డ్రిల్లు బిట్టు దారమంత సన్నం. తొమ్మిది స్క్రూలకి తొలిచేసరికి ఉన్న బిట్లన్నీ విరిగిపోయాయి. మిగతా మూడు స్క్రూలకి చుట్ల మీదుగా ఆకురాయితో పొడుగునా ఒక గాడి తీశాడు. "గాలికి దారి కావాలి గాని, అది నడిమధ్య నుంచే పోవాలని రాసుండాదా?" అన్నాడు. నిజమే, రాసిలేదు.

కడిగి, ఆరబెట్టి, గ్లౌజులేసుకుని బిగించాను. ప్రతి స్క్రూకీ అమ్మాయి పక్కన నిలబడి "ఒకటి... రెండు..." అని లెక్కపెట్టింది, నా మీద నమ్మకం లేక. లేకపోవడం న్యాయమే. గొట్టానికి వేడి పట్టీలు చుట్టి, మీద వెండి రేకు కప్పి, లోపలి తడి పోయేదాకా రోజుల తరబడి కాచాం. చల్లార్చి అంకె చూస్తే దిగుతోంది. నెలల పాటు దాటలేకపోయిన ఆ చోటికి వచ్చేసరికి నలుగురం గేజి మీదికి వంగాం. ఆగలేదు! దాన్ని దాటి ఇంకా దిగింది, ఇంకా దిగింది. మా శాలలో అంతకుముందు ఎన్నడూ చూడని అంకె. మేస్త్రన్న గొట్టాన్ని ఎద్దు వీపు చరిచినట్టు చరచబోతే, "తట్టొద్దన్నా!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం.

కమిటీ వచ్చే రోజు పొద్దునకి గాని పొయ్యి సిద్ధం కాలేదు. వాళ్ళు గెస్ట్‌హౌస్‌లో టిఫిన్ చేస్తున్నారని కబురొచ్చింది. అమ్మాయి పలకని మొదటి మెట్టు జరిపి అంకె చదివింది.

"రెండొందల పది."

ఇంకో మెట్టు. "రెండొందల నలభై."

"రెండొందల తొంభై." ఆమె గొంతు మారింది. "మూడొందల ముప్పై. ఎక్కుతోంది సార్!"

సారు లేచి నిలబడ్డారు. ఎక్కితే చాలదు, అది పొయ్యి వేడెక్కినందువల్ల కూడా కావచ్చు. తర్వాతి అంకె మూడొందలు. ఆ తర్వాత రెండొందల యాభై.

మేస్త్రన్న మొహం వాడిపోయింది. "దిగతా ఉండాదే. మళ్ళీ కారతా ఉండాదా?"

"దిగాలన్నా!" అని అమ్మాయి అరిచింది. "దిగాలి! దిగి మళ్ళీ ఎక్కితేనే గీతలు!"

"అట్టయితే దిగమను!"

రెండొందల ఇరవై. రెండొందల ఐదు. ఆ తర్వాతి అంకె కోసం లెక్కపెట్టే యంత్రం తీసుకున్న ఆ కొన్ని క్షణాలు నా సర్వీసు మొత్తం కన్నా పొడుగు. రెండొందల నలభై ఐదు. అమ్మాయి ఇక చదవలేదు, కేకే పెట్టింది. మేం ముగ్గురం స్క్రీన్ మీద పడి చదివాం. రెండొందల తొంభై అని నేను, మూడొందల ఇరవై ఐదు అని మేస్త్రన్న, మళ్ళీ దిగుతోందని సారు. ఎక్కుతూ దిగుతూ ఎక్కుతూ, అల! వందల పరమాణువుల బరువున్న అణువు, దేనికీ తగలకుండా, తన దారి ఎవరికీ తెలియకుండా, అలలాగా మా గొట్టంలోంచి పోతోంది. నేను తోడిన శూన్యంలోంచి. అమ్మాయి నా మెడ పట్టుకుని ఊపేస్తోంది. తిట్టిందో మెచ్చుకుందో నాకిప్పటికీ తెలీదు, ఆ గోలలో వినబడలేదు.

ఆ గోలలోనే తలుపు తీసుకుని కమిటీ వచ్చింది. ముందున్న పెద్దావిడ తెల్లజుట్టు శాస్త్రవేత్త. స్క్రీన్ దగ్గరికి పోయి చాలాసేపు చూశారు. తనే పలకని ఒక మెట్టు జరిపి అంకె దిగడం చూశారు, ఇంకో మెట్టు జరిపారు. "ఇన్ని నెలలు ఎందుకు రాలేదు?" అని అడిగారు.

సారు నోరు విప్పబోయారు. నేను ముందే అన్నాను, "నేను తప్పుడు స్క్రూలు బిగించానండీ. ఆ తప్పు ఈయన అతుకు మీద పెట్టాను."

ఆవిడ నన్ను చూసి, మేస్త్రన్నని చూసి, అతుకు దగ్గరికి వంగి దాన్ని పరీక్షగా చూశారు. "చాలా అందంగా ఉంది" అన్నారు ఆయనతో. మేస్త్రన్న సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. యంత్రాన్ని కదిలించే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పిల్లలూ, నేను చెప్పాలనుకున్నది ఇంతే. తప్పులు చేయొద్దని చెప్పే మొహం నాకు లేదు. చేసినప్పుడు ఎదుటివాడి అతుకు మీద హీలియం ఊదే ముందు మీ డబ్బాలో మీ స్క్రూలు ఒకసారి చూసుకోండి.

కమిటీ కారు గేటు దాటగానే సారు బీరువా తీసి ఒక చిన్న సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. అడుగున ముదురు ఎరుపు పొడి. "ఇది దీనికన్నా రెండింతలు బరువు" అన్నారు.

"సార్, ఈ ఒక్క రోజన్నా..." అంది అమ్మాయి. అంటూనే సీసా వెలుతురుకి పెట్టి చూస్తోంది.

"దీనికి పొయ్యి ఇంకా పెద్దది కావాలా సార్?" అంటూ మేస్త్రన్న జేబులోంచి టేపు తీశాడు. నేను లాగ్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాను. ఆ రోజు నలుగురిలో ఎవరమూ మధ్యాహ్నం అన్నం తినలేదని సాయంత్రం బస్సెక్కాక గాని నాకు గుర్తు రాలేదు.